గోప్యము, గుహ్యము, రహస్యము
(ఆంతరవిద్యలయందలి గురుశిష్యధర్మవిచారము)

శిష్యునకు సంస్కృతభాషలో ఛాత్త్రుఁడని నామాంతరము గలదు. ఈ పదమును బాణిని ఛత్రశబ్దమునుండి సాధించెను (4-4-62). ఛత్రమనఁగా గొడుగు. గొడుగు పట్టుట శీలముగాఁ గలవాఁడు ఛాత్త్రుఁడన్నచో రాజునకు గొడుగు పట్టు భటుఁడును ఛాత్త్రుఁడు కావలసివచ్చునే యని పతంజలి మహాభాష్యమున నాక్షేపించి, యిచట గొడుగనఁగా గొడుగువంటి గురువని సమాధానము చెప్పెను. గురువు శిష్యుని గొడుగువలెఁ గప్పవలయును. శిష్యుఁడును గురువును గొడుగువలెఁ బరిపాలింపవలయును. భాష్యకారుని మతమున నీ కప్పుట యుభయపక్షములదియు నైనది. క్రీ. శ. 7వ శతాబ్దిదగు కాశికావృత్తిలో నీ యర్థము కొంత మాఱినది. గురుకార్యములయందు సావధానుఁడై గురువు లోపములను గప్పుటకుఁ బూనుకొనినవాఁడు ఛాత్త్రుఁడని వృత్తికారులు వ్రాసిరి. శిష్యుఁడు గురువును గప్పుట నిలిచినది. గురువు శిష్యునిఁ గప్పుట వివరణమునుండి జాఱిపోయినది.

వ్యాకరణము, తర్కము మొదలగు బహిరంగశాస్త్రములయందు దీనివలన గలుగు హాని యల్పము. అచట గురువు చెప్పినది సూత్రముతోడను, యుక్తితోడను సరిచూచుకొనుటకు వీలుగలదు. హఠయోగము, మంత్రయోగము, రసవాదము మొదలగు నాంతరవిద్యలయందో, యట్లు గాదు. ఊఁపిరియు, మనస్సును, శరీరమును సాధనములైనచోట శిష్యుని దేహమే ప్రయోగశాల. అచట గురువు మాట తప్పక ప్రమాణము. ఆ మాట పరులకుఁ జెప్పఁగూడదను నియమము దానికిఁ దోడు. ఇట్టిచోటఁ గప్పుట యిరువైపులదా, యొకవైపుదా యనునది వ్యుత్పత్తిమాత్రవిషయము గాక ప్రాణవిషయమే యగుచున్నది. ఈ ప్రశ్నమునకుఁ జీనదేశపుఁ దావోమతమువారి చరిత్రయు, నాంధ్రదేశచరిత్రయుఁ జెప్పు సమాధానములు పరిశీలింపఁదగినవి. విశాఖమండలమునఁ బుట్టిన యొక మహాపండితుని జీవితమును, విశాఖపట్టణమునఁ బనిచేసిన యొక యోగిశాస్త్రజ్ఞుని జీవితమును నీ విచారమునకు మిక్కిలి తోడ్పడును.

తెలుఁగున గోప్యము, గుహ్యము, రహస్యము నను మూఁడు పదములును బర్యాయములుగా వాడఁబడుచున్నవి. ధాత్వర్థమును విచారించినచో నివి వేఱువేఱు. గుపూధాతువునకు రక్షణ మర్థము. కావున గోప్యమనఁగా రక్షింపఁదగినది. గుహూధాతువునకు సంవరణ మర్థము. కావున గుహ్యమనఁగాఁ గప్పఁదగినది. రహస్సనఁగా నేకాంతము, కావున రహస్యమనఁగా నేకాంతమునఁ జెప్పఁదగినది. విద్యను గాపాడుట యొకటి, విద్యమీఁదఁ దెర వేయుట యొకటి, విద్యను గురుశిష్యులిరువురు నెదురెదురుగాఁ గూర్చుండి గ్రహించుట యొకటి. ఆంతరవిద్యల చరిత్రలో నీ మూఁడును గలసిమెలసి యుండుటచేతనే పెక్కు భ్రాంతులు కలిగినవి.

వైదికవాఙ్మయమున మొదటి యర్థమే ప్రధానముగాఁ గాన్పించుచున్నది. విద్య బ్రాహ్మణుని కడకు వచ్చి తన్ను గాపాడుమని వేఁడుకొని, యసూయాపరునకును, గుటిలునకును, నియమములేనివానికిని దన్ను బోధింపవలదని కోరిన కథను యాస్కుఁడు నిరుక్తమున నుదాహరించెను. ఇచట విద్య కోరినది రక్షణము. ప్రశ్నోపనిషత్తులోఁ బిప్పలాదుఁడు తన కడకు వచ్చిన యార్గురు జిజ్ఞాసువులను మఱియొక సంవత్సరము తపోబ్రహ్మచర్యశ్రద్ధలతో నుండి పిదప నడుగుఁడని చెప్పెను. తనకుఁ దెలిసియున్నచోఁ జెప్పెదనని యాతఁడు చేర్చిన మాట గమనింపఁదగినది. శిష్యుల యోగ్యతకు సంవత్సరము గడువు పెట్టిన గురువు తన జ్ఞానమునకు మేర యుండవచ్చునని ముందే యొప్పుకొనెను. ఇది యుభయపక్షములను గప్పు గొడుగు.

తావోమతమువారి యాచారమును దీనితోఁ బోల్చి చూడవచ్చును. ఆ మతమున దీర్ఘాయువును గోరి చేయు రసవాదము మొదట బాహ్యమైనది. మూసలలో లోహములను, బాదరసమును బుటము పెట్టి యౌషధము సాధించువారు. తరువాతికాలమున నా మూసయు, నగ్నియు, నౌషధమును శరీరములోనివే యను నాంతరరసవిద్య ప్రబలినది. సీసము, పాదరసము, పులి, నాగము నను పేళ్లు నిలిచినవి. వాని యర్థములు మాఱి ప్రాణమనోవృత్తులకు సంకేతములైనవి.

క్రీ. శ. 283 మొదలు 343 వఱకు జీవించిన గె హోంగ్ అను పండితుఁడు తన గ్రంథమగు బావ్‌పూజిలో గురువగు జెంగ్ యిన్‌ను గూర్చి వ్రాసెను. జెంగ్ యిన్‌కు 50 మందికిఁ బైగా శిష్యులుండిరి. వారిలో స్వర్ణౌషధమును గూర్చిన గ్రంథములను బొందినవాఁడు తానొక్కఁడే యనియు, దక్కినవారిలో నా గ్రంథముల పేళ్లైనఁ జూడనివారుండిరనియు గె హోంగ్ చెప్పెను. గ్రంథము చేతికందినను గురుముఖోపదేశము లేనిచో నది నిష్ప్రయోజనమని యాతఁడు పలుమాఱులు హెచ్చరించెను. ఆ యుపదేశమును శపథపూర్వకముగా నిచ్చువారు. అన్నియుఁ బొందియు గె హోంగ్ యిరువదేండ్లకుఁ బైగా నౌషధమును జేయలేకపోయెను. కావలసిన ద్రవ్యములు కొనుటకు ధనము లేక నిట్టూర్చుటయే తన పనియైనదని యాతఁడే వ్రాసికొనెను. ఏఁబదిమందిలో నొక్కఁడు, ఆ యొక్కనికిని సాధ్యము కాలేదు. గుహ్యముగా నుంచిన విద్య సులభముగా మ్రోడగు మార్గమిది.

ఆంతరరసవిద్యకుఁ బ్రధానగ్రంథములలో నొకటి జాంగ్ బోదువాన్ క్రీ. శ. 1075 నాఁటి పీఠికతో వెలువరించిన వూజెన్‌పియెన్. ఈ గ్రంథకర్త 1069లోఁ జెంగ్‌దూ నగరమునఁ దన గురువును గలిసికొని యుపదేశము పొందెను. అనర్హులకుఁ జెప్పవలదని గురువు శాసించెను. ఆ శాసనమును మీఱి తాను మూఁడుమాఱులు తగనివారికిఁ జెప్పితిననియు, మూఁడుమాఱులు విపత్తుల పాలైతిననియు నాతఁడు తన గ్రంథాంతమున వ్రాసెను. అటుపిమ్మట నోరు మూసికొనుటకు నిశ్చయించి, యర్హులైనవారు తమంతఁ దెలిసికొందురని సంకేతములతో నిండిన పద్యములను లోకమునకు విడిచెను. తన్ను సంకెలనుండి విడిపించువాఁడే తగిన శిష్యుఁడని గురువు చెప్పియుండెనఁట. ప్రవాసశిక్షకు గుఱియై పోవుచున్న యాతనికి షి తాయ్ అనువాఁడు త్రోవలో నెదురుపడి, యధికారితో మాటలాడి విడిపించి, తరువాత శిష్యుఁడయ్యెనని సంప్రదాయకథ. ఇందు సారాంశము స్పష్టము. పద్యములు లోకమునకు వెల్లడియైనవి. విద్య మాత్రము గురువును గాపాడిన శిష్యునకే దక్కినది. పతంజలి చెప్పిన పరస్పరరక్షణమునకుఁ జీనదేశమునఁ గూడ నుదాహరణము దొరకుచున్నది.

ఈ రెండు దేశముల యాంతరవిద్యలు నొక్క పండితుని కలము నొద్ద నెదురుపడిన సందర్భమొకటి గలదు. కామరూపరాజగు భాస్కరవర్మ లావోజి గ్రంథమును సంస్కృతమునఁ దనకుఁ బంపుమని కోరఁగాఁ, జీనచక్రవర్తి తైజోంగ్ క్రీ. శ. 647లో నా పనిని హ్యూన్‌త్సాంగునకు నప్పగించి, తావోపండితులను దోడుగా నిచ్చెను. తావో యను పదమునకు సంస్కృతమున నేమి వ్రాయవలయునని వివాదము పుట్టినది. తావోపండితులు బోధియని యుండవలెననిరి. హ్యూన్‌త్సాంగు దానికి మార్గశబ్దమే తగినదని పట్టుపట్టెను. ఆ గ్రంథమునకుఁ గల పీఠికను గూడ ననువదింపుమని వారడుగఁగా, నందుఁ బండ్లు తాటించుట, లాలాజలము మ్రింగుట మొదలగు దేహసాధనములున్నవనియు, నట్టివి భారతదేశమునకుఁ బంపినచో నపహాస్యమగుననియు నాతఁడు నిరాకరించెను. ఆ సంస్కృతానువాదము నేఁడు లభింపదు. తరువాతి శతాబ్దములలో నీ దేశపు హఠగ్రంథములే నాలుకను వెనుకకు మరల్చు ఖేచరీముద్రను, నమృతపానమును సవిస్తరముగా వర్ణించినవి. నాఁడు పంపుటకుఁ దగదని యొక మహాపండితుఁడు విడిచిన విషయము, మఱియొక రూపమున నిచటనే శాస్త్రమైనది. విద్యను మఱుఁగుపఱచువాఁడు గురువే కానక్కఱలేదు. అనువాదకుని యభిరుచియు నా పని చేయఁగలదు.

ఈ హ్యూన్‌త్సాంగే యంతకుఁ బూర్వము కళింగమునుండి కోసలమునకును, నచటినుండి యాంధ్రదేశమునకును, ధాన్యకటకమునకును బ్రయాణము చేసెను. కళింగాంధ్రతీరమున నప్పటికే బౌద్ధవిహారములు పెక్కులు నెలకొనియుండెను. విశాఖపట్టణసమీపమున బావికొండ, తొట్లకొండ, పావురాళ్లకొండ, యనకాపల్లి దగ్గఱ సంకరములోని బొజ్జన్నకొండ నేఁటికిని వాని యవశేషములను జూపుచున్నవి. ఆ యాత్రికుఁడు తన గ్రంథమున నమోదు చేసిన రెండు కథలు గురుశిష్యవిషయమున మిక్కిలి విలువగలవి.

మొదటిది కోసలప్రకరణమునందలి యార్యదేవుని కథ. సింహళమునుండి వచ్చిన దేవుఁడు నాగార్జునుని దర్శింపఁగోరెను. నాగార్జునుఁడు మాట యేమియుఁ జెప్పక పాత్రనిండ నీరు నింపి శిష్యునిచేఁ బంపెను. దేవుఁడును మాటాడక యందొక సూదిని వేసి మరలఁ బంపెను. నీరు నిండుదనమునకును, బారదర్శకతకును గుఱుతు. సూది యా జ్ఞానపు టడుగు ముట్టఁగల బుద్ధికి గుఱుతు. నాగార్జునుఁడు సంతసించి యాతనిని లోనికిఁ బిలిపించెను. ఇచటఁ బాత్రను దెచ్చి కొనిపోయిన శిష్యుఁ డంతయుఁ గన్నులారఁ జూచెను. వానికి మాత్ర మేమియు బోధపడలేదు. దాఁచినదేదియు లేకున్నను రహస్యము రహస్యముగానే నిలిచినది.

రెండవది ధాన్యకటకమునందలి భావవివేకుని కథ. మైత్రేయుఁడు బుద్ధుఁడై యవతరించువఱకు జీవించి తన సంశయములను దీర్చుకొనవలయునని యాతఁడు మూఁడేండ్లు తపస్సు చేయఁగా నవలోకితేశ్వరుఁడు ప్రత్యక్షమై, ధాన్యకటకనగరమునకు దక్షిణమునఁ గల కొండకడ వజ్రపాణిధారణి జపింపుమని చెప్పెను. మఱి మూఁడేండ్లకు వజ్రపాణి ప్రత్యక్షమై గూఢవిధానమొకటి యుపదేశించెను. మఱియు మూఁడేండ్లు గడచిన పిదప భావవివేకుఁ డభిమంత్రించిన యావగింజలతోఁ గొండను గొట్టఁగా ఱాయి విచ్చి యసురగుహ తెఱచుకొనినది. చూడవచ్చిన జనులు వేలకొలఁదిగా నుండిరి. ద్వారమున నిలిచి యాతఁడు లోనికి రండని ముమ్మాఱు పిలిచెను. అది విషసర్పముల పుట్టయని భయపడి జనులు వెనుదీసిరి. ఆర్గురు మాత్రమే వెంట వెళ్లిరి, ఱాయి మూసికొనినది. కథలోని యద్భుతము నెంత త్రోసివేసినను దానిలోని భావము నిలుచును. సాధనకాలమున విద్య గోప్యముగా నుండెను. సిద్ధించినపిదప నాచార్యుఁడు ద్వారము తెఱచి యందఱనుఁ బిలిచెను. అధికారభేదమును నిర్ణయించినవి గురువు శాసనములు గావు, శిష్యుల కాళ్లు.

వైష్ణవసంప్రదాయమున నీ ద్వారము తెఱచుట మఱింత ప్రసిద్ధమైనది. తిరుమంత్రము, ద్వయము, చరమశ్లోకము ననువానికి శ్రీవైష్ణవులు రహస్యత్రయమని పేరు పెట్టిరి. గోష్ఠీపూర్ణుఁడు రామానుజుని పదునెనిమిదిమాఱులు త్రిప్పించుకొని మంత్రార్థము నుపదేశింపఁగా, రామానుజుఁ డది యందఱకుఁ జాటెనని గురుపరంపరాకథలు చెప్పుచున్నవి. ఆజ్ఞాభంగమువలన నరకము ప్రాప్తించునని గురువు పలుకఁగాఁ, బెక్కురు తరించునెడల దాని నొక్కఁడు భరించుట మేలని శిష్యుఁడు బదులు చెప్పెను. గురువు కోపము మాని శిష్యుని గౌఁగిలించుకొనెను. విశాఖపట్టణమున సింహాచలమువంటి క్షేత్రముల నాశ్రయించిన వైష్ణవవిద్వాంసుల కీ కథ సుపరిచితము. ఇందుఁ దఱచుగా మఱచిపోవు నంశము పదునెనిమిది రాకపోకలు. మంత్రమును జాటినవాఁడు దాని నూరక పొందినవాఁడు గాఁడు. అటుపిమ్మట నా సంప్రదాయమువారు రహస్యత్రయమునకు విపులవ్యాఖ్యానములు రచించిరి. పేరున రహస్యమైనది గ్రంథమున సర్వజనపఠనీయమైనది. సమాశ్రయణము మాత్రము నేఁటికిని నాచార్యుని కడనే జరుగవలయును. తెర తొలఁగినను నేకాంతము నిలిచినది.

హఠయోగమునకు వచ్చునప్పటికి విరోధమొకటి స్పష్టముగాఁ గన్పట్టును. క్రీ. శ. 15వ శతాబ్దిలో స్వాత్మారాముఁడు హఠప్రదీపికను రచించుచు, నీ విద్య దాఁచినచో వీర్యవంతమనియు వెల్లడించినచో నిర్వీర్యమనియుఁ జెప్పెను. చెప్పినది గ్రంథముననే, ఆ గ్రంథమున నాసనముల పేళ్లు, కుంభకముల విధులు, ముద్రల ప్రయోజనములు విశదముగా నున్నవి. అయినచో నాతఁడు దాఁచినదేమి? ప్రాణాయామమును సింహగజవ్యాఘ్రములను మచ్చికచేసినట్లు మెల్లమెల్లగా వశపఱచుకొనవలయుననియు, లేనిచో నది సాధకునే చంపుననియు నాతఁడే హెచ్చరించెను. ఎంత మెల్లగా ననునది మాత్రము గ్రంథమున లేదు. అది యొక్కొక్క దేహమునకు నొక్కొక్క విధముగా నుండును గావున నుండుటకును వీలులేదు. ఆ కొలఁత శిష్యుని ముఖము చూచి గురువు నిర్ణయింపవలసినది. రహస్యమనఁగా నిదియే.

ఇంచుమించుగా నా శతాబ్దముననే శ్రీశైలమునందలి భిక్షావృత్తిమఠాధిపతి ముక్తిశాంతుని ప్రేరణముచే గౌరన నవనాథచరిత్రమును దెలుఁగు ద్విపదలో రచించెను. కోరాడ రామకృష్ణయ్యగారి పరిష్కరణముతో మద్రాసు విశ్వవిద్యాలయమువా రది 1937లోఁ బ్రకటించిరి. నాథసిద్ధులు గోప్యముగాఁ గాపాడిన యోగసంప్రదాయపు కథలు స్త్రీబాలురు సైతము పాడుకొనఁదగిన ద్విపదలో, నొక మఠాధిపతి యాజ్ఞచే వెలయుట సామాన్యవిషయము గాదు. అందు రాజమహేంద్రవరపు రాజకుమారుఁడగు సారంగధరుఁడు కాలుసేతులు కోల్పోయి యడవిలోఁ బడియుండఁగా మీననాథుఁ డాతని నుద్ధరించెను. ఆ వికలాంగునకు నాహారము తెచ్చి సేవచేసిన పసులకాపరియే గోరక్షుఁడు. ఈ కథలోఁ బాత్రపరీక్ష శాస్త్రవాదముచే జరుగలేదు. పసులకాపరి చేసిన యుపచారమే పరీక్షయైనది. కులమును బట్టి గాక గుణమును బట్టి యధికారము నిర్ణయించిన సంప్రదాయములు తెలుఁగుదేశమున నున్నవనుటకు నిది ప్రబలసాక్ష్యము.

అనధికారి యను పేరున స్త్రీలను, బెక్కు కులములవారిని ద్వారమువెలుపలనే నిలిపిన చరిత్రయు నీ దేశమునఁ గలదు. దానిని గోప్యమనుట పదమున కపచారము. అట్లు నిలిపినవారు రక్షించినది విద్యను గాక తమ యధికారమునే. తంత్రగ్రంథకర్తలకును నీ దోషము తెలియనిది గాదు. గురుశిష్యులు సంవత్సరకాలము సహవాసము చేసి యొకరినొకరు పరీక్షించుకొనవలయునని వారు విధించిరి. పరీక్ష శిష్యునకు మాత్రమే యని చెప్పలేదు. కులార్ణవతంత్రము శిష్యుల ధనమును హరించు గురువులు పెక్కురనియు, దుఃఖమును హరించు గురువు దుర్లభుఁడనియు నిర్మొగమాటముగాఁ బలికినది. తేనెను గోరిన తేఁటి పూవునుండి పూవునకుఁ బోయినట్లు జ్ఞానార్థియగు శిష్యుఁడు గురువునుండి గుర్వంతరమునకుఁ బోవచ్చునని యా తంత్రమే యనుమతించినది.

వైయాకరణుల కిచట వేఱొక పక్షి స్మృతికి వచ్చును. తీర్థకాకమను సమాసమును వివరించుచు (2-1-42) భాష్యకారుఁడు, తీర్థమునఁ గాకులు చిరకాలము నిలువనట్లు గురుకులములకుఁ బోయి చిరకాలము నిలువనివాఁడు తీర్థకాకమని చెప్పెను. కాకియు నెగిరిపోవును, దేఁటియు నెగిరిపోవును. ఒకదానిని శాస్త్రము నిందించినది, మఱియొకదానిని మెచ్చినది. భేదము నిలిచిన కాలమునఁ గలదు. తేఁటి తేనె త్రావువఱకు నిలుచును. గురువును విడుచుట దోషము గాదు. విద్య రుచి తెలియక ముందే విడుచుట దోషము. ఈ భేదమును మఱచి, విడిచినవారి నందఱను ద్రోహులని నిందించుట సంప్రదాయరక్షణము గానేరదు.

ఈ విచారమునకు సమీపకాలపు నిదర్శనము కావ్యకంఠ గణపతిమునిచరిత్ర. అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి 1878వ సంవత్సరము నవంబరు 17వ తేదిని, నాఁడు విశాఖపట్టణమండలమునఁ జేరియున్న బొబ్బిలిప్రాంతమందలి కలువరాయిగ్రామమున జన్మించెను. తండ్రి నరసింహశాస్త్రి శ్రీవిద్యోపాసకుఁడు. ఆయనయే కుమారునకు మంత్రోపదేశము చేసెను. గురుముఖమునఁ గాని పొందరానిదని ప్రసిద్ధికెక్కిన విద్య యిచటఁ బిత్రార్జితముగా వచ్చినది. గణపతిశాస్త్రి 1900లో నవద్వీపమునఁ గావ్యకంఠబిరుదమును బొంది, దేశమునఁ బెక్కుక్షేత్రములఁ దపస్సు చేసెను. మంత్రము లెన్నియో జపించెను; శాస్త్రము లెన్నియో చదివెను. అయినను దపస్స్వరూపము తనకుఁ దెలియలేదని యాతనికిఁ దోఁచినది.

1907వ సంవత్సరము నవంబరు 18వ తేదిని గణపతిశాస్త్రి యరుణాచలమున విరూపాక్షగుహయందున్న బ్రాహ్మణస్వామి కడకుఁ బోయి తన దుఃఖమును విన్నవించెను. ఆ స్వామి యాతనికంటె నించుమించుగా నొక యేఁడు చిన్నవాఁడు; ఏ మఠపరంపరకుఁ జెందినవాఁడును గాఁడు; మానుషగురువు నొద్ద దీక్ష పొందినవాఁడును గాఁడు. కొంతతడవు చూచి యాతఁ డిచ్చిన యుపదేశము రెండు వాక్యములకు మించదు. నేనను భావ మెచటనుండి పుట్టుచున్నదో పరికించినచో మనస్సచట లయించును. మంత్రము జపించునపుడు నా శబ్ద మెచటనుండి పుట్టుచున్నదో పరికించినను నట్లే. అదియే తపస్సని దాని సారము. శపథము లేదు, దక్షిణ లేదు, పరులకుఁ జెప్పవలదను కట్టడియు లేదు. గణపతిశాస్త్రి యా స్వామికి భగవాన్ రమణమహర్షి యని పేరు పెట్టి లోకమునకుఁ జాటెను. 1913 మొదలు 1917 వఱకు జరిగిన ప్రశ్నోత్తరములను 18 అధ్యాయముల రమణగీతగాఁ గూర్చెను. ఇట్లు విశాఖమండలపుఁ బండితుని కలముచే నొక గుహలోని యేకాంతబోధ గ్రంథరూపమున సర్వజనులకును లభించినది.

ఇచట గుహ్యము పూర్తిగాఁ దొలఁగినది, రహస్యము తొలఁగలేదు. ఆ రెండు వాక్యములను జదివినవారు లక్షలకొలఁది. చదివినంతనే తపస్సు సిద్ధించినవారు లేరు. గణపతిమునికిఁ దరువాత 1922లోఁ గపాలభేదమను తీవ్రమైన యోగానుభవము కలిగినదనియు, నప్పు డాతఁడు మహర్షి నాశ్రయించెననియు జీవితచరిత్రలు చెప్పుచున్నవి. ఉపదేశము రెండు వాక్యములలో ముగిసి పదునేనేండ్లైనను, దేహమున నాపద తోఁచినపుడు గ్రంథమును విప్పుటతోఁ దీరలేదు, గురువు కావలసివచ్చెను. గొడుగు విలువ వాన కురియునపుడు తెలియును.

గణపతిముని శిష్యులతో నడచిన తీరును బరికింపఁదగినది. 1917లోఁ బడైవీడున నాతఁడు గోకర్ణమునకుఁ జెందిన దైవరాతునితోఁ గూడి తపస్సు చేయుచుండఁగా, దైవరాతుని నోట ఛందోబద్ధములైన మంత్రములు వెలువడినవి. గురువు వానిని వ్రాసికొని, ఛందోదర్శనమను నా గ్రంథమునకుఁ దానే యన్వయభాష్యము రచించెను. గురువు గ్రంథమునకు శిష్యుఁడు భాష్యము వ్రాయుట లోకమున సహజము. శిష్యుని వాక్కునకు గురువు లేఖకుఁడును భాష్యకారుఁడు నగుట యపూర్వము. శిష్యుని వాక్కును మఱుఁగుపఱచి తన పేరు నిలుపుకొనుట కవకాశమున్నను నాతఁ డట్లు చేయలేదు. 1936వ సంవత్సరము జులై 25వ తేదిని ఖరగ్‌పురసమీపమున నింపురాలో నిర్యాణమునొందిన యా ముని చరిత్రలోఁ గాశికావృత్తి విడిచిన యర్థభాగము, అనఁగా గురువు శిష్యునిఁ గాపాడుట, మరలఁ గాన్పించుచున్నది.

రెండవ నిదర్శనము స్వామి జ్ఞానానందునిది. పశ్చిమగోదావరిమండలమున గొరగనమూడిగ్రామమున 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు యౌవనముననే యిల్లు విడిచి, హిమాలయాదిప్రదేశములఁ బెక్కేండ్లు యోగాభ్యాసము చేసెను. 1927లో యూరపుఖండమునకుఁ బోయి జర్మనీలో యోగమును గూర్చి యుపన్యసించెను. అచట నాతని చిత్తము భౌతికశాస్త్రముపైఁ బ్రసరించినది. ప్రాగ్‌నగరమున నెక్స్‌కిరణవర్ణపటశాస్త్రమునఁ బరిశోధన చేసి, పిదప లివర్‌పూలున న్యూట్రానును గనుఁగొన్న చాడ్విక్ కడఁ బనిచేసెను. తుదకు విశాఖపట్టణమున నాంధ్రవిశ్వవిద్యాలయమునఁ బరమాణుకేంద్రభౌతికశాస్త్రశాఖను నెలకొల్పి, 1969లో దేహము చాలించెను. ఆ ప్రయోగశాల లాతని పేరుననే వెలయుచున్నవి.

గోప్యవిద్యనుండి బహిరంగవిద్యకు వచ్చిన యీ సన్న్యాసి 1947లోఁ బ్రకటించిన గ్రంథము శూన్యోత్పాదనమును, అనఁగాఁ బాత్రలోని గాలిని దీసివేసి శూన్యము కల్పించు విధానమును, గూర్చినది. ఆధునికశాస్త్రమున శపథములు లేవు. పంపు లెట్లు పనిచేయునో, కొలఁత లెట్లు తీయవలయునో యంతయు ముద్రితమే. అయినను గాజుగొట్టములను గాలి చొరకుండ నతికించుట, యెచట గాలి జొరబడుచున్నదో కనిపెట్టుట ప్రయోగశాలలో ననుభవజ్ఞుని ప్రక్క నిలిచి చేసిననే కాని చేతికి రాదు. అంతయు వెల్లడించు శాస్త్రమునను వ్రాఁతకు లొంగని భాగ మొకటి మిగులుచున్నది. అయితే యచట నొక రక్షణము గలదు. గురువు చెప్పిన ఫలితమును దేశాంతరమున మఱియొకఁడు పరీక్షింపవచ్చును. గురువు తప్పినచోఁ దప్పు బయటపడును. ఆంతరవిద్యలకు నట్టి బాహ్యపరీక్ష లేదు గావుననే యందుఁ బరస్పరపరీక్ష మఱింత యావశ్యకము.

ఇట్లు విచారింపఁగా మూఁడు పదములకును మూఁడు గతులు తేలుచున్నవి. గుహ్యము కాలాధీనము, సంకేతములు, దాఁచిన తాళపత్రములు, పేరు చెప్పరాని గ్రంథములు నొక కాలమున నవసరములై యుండవచ్చును, గాని శిష్యుఁడు దొరకకమునుపే గురువు గతించినచో నవి విద్యతోఁ గూడ నశించును. వానిని బరిష్కరించి ముద్రించుటచే నపచార మేమియు లేదు. నవనాథచరిత్రము ముద్రితమగుటచే నాథయోగమునకు లోపము రాలేదు. రహస్యము నిత్యము, ముద్రణమువలన నది తఱుగదు, కట్టడివలన నది పెరుఁగదు. గోప్యము ధర్మము, దానిని బాటింపవలసినవారు గురుశిష్యు లిరువురును.

ఏ విద్యయందైనను మఱుఁగు కన్పట్టినపు డడుగవలసిన ప్రశ్న యొక్కటియే: ఆ మఱుఁగు శిష్యుని గాపాడుచున్నదా, గురువును మాత్రమే కాపాడుచున్నదా? అపక్వమైన సాధననుండి శిష్యుని గాపాడుటకై గురువు కొంతకాలము చెప్పక యుండుట గోప్యము. తన యజ్ఞానమును, దన ధనాపేక్షను, దన యనాచారమును గప్పుకొనుటకై శిష్యుని నోరు కట్టుట గోప్యము గాదు. ఆ మౌనమును బాటింపని శిష్యుఁడు ద్రోహియుఁ గాఁడు. కాశికావృత్తిని మాత్రము చదివి శిష్యుల కీ పదము బోధించు పండితులు భాష్యమును గూడ విప్పి చూపుట కర్తవ్యము. గురువు దోషములను గప్పుటయే శిష్యధర్మమని నేర్చిన బాలుఁడు రేపు గురువైనపుడు దన శిష్యులనుండియు దానినే కోరును. గురువే గొడుగని నేర్చినవాఁడు మొదట శిష్యుఁడు తడియకుండఁ జూచును.